చదివే చేతిలో పెన్ను ఉండాలి

హైదరాబాద్ పాతబస్తీ శాలిబండలో పెరిగిన పిల్లలకు మూడు భాషలు ఎవరూ నేర్పకుండానే వస్తాయి. ఇంట్లో తెలుగు, కిరాణా కొట్టు దగ్గర దక్కనీ, టీవీలో హిందీ. ఆషాఢంలో హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ముందు పోతరాజు డప్పు విన్న చెవులే రంజాన్ రాత్రుల్లో హలీం దుకాణం ముందు జనం మాటలూ వింటాయి. ఎవరితో ఏ భాషలో మొదలుపెట్టాలో, ఎక్కడ భాష మార్చాలో ఈ పిల్లలకు నాలుక మీదే తెలుసు. నాలుగో భాష ఇంగ్లిష్ ఒక్కటే వాళ్ల దగ్గరికి భయంలా వస్తుంది. గ్రామర్ బిట్లు, మార్కులు, నలుగురిలో నోరు తెరిస్తే ఎవరు నవ్వుతారో అన్న బెరుకు.

అలాంటి పిల్ల ఇంటర్ అయ్యాక "డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచర్ తీసుకుంటా" అంటే ఇంట్లో రెండు మాటలు వినబడతాయి. "ఇంగ్లిష్ మాట్లాడటం వస్తది, మంచిదే" అని ఒకరు. "కథలు, కవిత్వం చదివితే ఏం కొలువొస్తది బిడ్డా?" అని ఇంకొకరు. రెండో మాటకు జవాబు ఉంది, ఈ అధ్యాయంలోనే తర్వాత చెబుతాను. ముందు మొదటి మాటను సరిదిద్దాలి, ఎందుకంటే కోర్సులో చేరిన పిల్లల్లో చాలామంది రెండేళ్లు పోగొట్టుకునేది అక్కడే. ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే కోర్సు ఇది కాదు. చదవడం నేర్పే కోర్సు. ఒక పేజీ ముందు కూర్చుని, అందులో ఏం రాసి ఉందో, ఏం రాయకుండా వదిలేశారో, ఆ మాట అక్కడే ఎందుకు పడిందో రుజువుతో సహా చెప్పగలగడం ఈ చదువు. మాట్లాడటం దాని వెంట వస్తుంది. స్పోకెన్ ఇంగ్లిష్ ఒక్కటే కావాలంటే మూడేళ్ల డిగ్రీ అక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా పిల్లలు తెలుసుకోవాలి. ఈ సబ్జెక్టు మనకు పరాయిది కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ సాహిత్యానికి సొంత పాఠ్యక్రమం 1894లో వచ్చింది, కేంబ్రిడ్జిలో 1917లో. కలకత్తా కాలేజీల్లో మన పిల్లలు అంతకు ఎన్నో దశాబ్దాల ముందే షేక్‌స్పియర్‌నీ మిల్టన్‌నీ పరీక్షల కోసం చదివారు. పాలకులు తమ అవసరం కోసమే పెట్టారన్న మాట నిజమే. గౌరీ విశ్వనాథన్ 1989లో ఆ చరిత్ర మీద ఒక పుస్తకమే రాశారు. ఎవరి అవసరం కోసం మొదలైనా, ఇంగ్లిష్ సాహిత్యాన్ని క్లాసురూములో పాఠంగా చదవడంలో మనకున్న అనుభవం ఇంగ్లండ్ పిల్లల కంటే పాతది. వెనక బెంచీలో ముడుచుకుని కూర్చోవాల్సిన పని లేదు.

ఎక్కడ చేరాలి

శాలిబండ నుంచి చార్మినార్ మీదుగా మూసీ వైపు వెళితే హైకోర్టు పక్కన సిటీ కాలేజీ. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ పాఠాలు చెప్పిన కాలేజీ అది. ఆడపిల్లలకు దగ్గరలో హుస్సేనీ ఆలంలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ ఉంది. నది దాటి కోఠీకి వెళితే పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలో నడిచిన మహిళా కళాశాల ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు మీద విశ్వవిద్యాలయమైంది. ఇంకా ముందుకు పోతే ఉస్మానియా. దాని గోడ పక్కనే తార్నాకలో ఇఫ్లూ. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై 1972లో సీఫెల్ అయి, 2007 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయంగా నడుస్తోంది. గచ్చిబౌలిలో 1974 నాటి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉన్నాయి. ఉర్దూ మీడియంలో చదివి జర్నలిజం చేయాలనుకునే పాతబస్తీ పిల్లలు ఈ చివరిదాన్ని మరిచిపోకూడదు.

రాష్ట్ర యూనివర్సిటీల కింద డిగ్రీ సీట్లు దోస్త్ ద్వారా, పీజీ సీట్లు సీపీగెట్ ద్వారా వస్తాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల దారి వేరు. సెంట్రల్ యూనివర్సిటీ పీజీకి సీయూఈటీ రాయాలి. ఏ కోర్సుకు ఏ పరీక్ష అన్నది ఏడాదికేడాది మారుతుంటుంది కాబట్టి, సీనియర్ చెప్పిన మాట మీద ఆగకుండా ఆ ఏటి నోటిఫికేషన్ మీరే చదవండి.

నా సలహా ఇది. డిగ్రీకి దగ్గరి కాలేజీయే ఎంచుకోండి. చేరేముందు ఒకరోజు వెళ్లి రెండు సంగతులు కనుక్కోండి. లైబ్రరీ తాళం తీసి ఉంటుందా? లెక్చరర్ క్లాసులో అసలు పుస్తకం తెరిచి వాక్యం చదివి పాఠం చెబుతారా, నోట్సు డిక్టేట్ చేస్తారా? కాలేజీకి ఎంత పేరున్నా ఈ రెండూ లేకపోతే లాభం లేదు. బస్సులో మిగిలిన గంటన్నర మీ చదువుకు పెట్టుబడి. పీజీకి మాత్రం ఇల్లు కదలండి. క్యాంపస్‌లో ఉండి చదివే రెండేళ్లు, కేరళ పిల్లతోనూ మణిపూర్ పిల్లాడితోనూ ఒకే కవిత మీద రాత్రి పదకొండు దాకా వాదించడం, ఇంటి నుంచి వెళ్లి వచ్చేవాళ్లకు దొరకవు.

గైడు ఆఖరున

పాఠం సంగతికి వద్దాం. పరీక్ష వారం ముందు కోఠీలో గైడు కొని, సారాంశం బట్టీ పట్టి, ఫస్ట్ క్లాస్ తెచ్చుకోవడం సాధ్యమే. అలా పాసైన పిల్లలు పీజీ ఎంట్రన్సులో చూడని కవిత ఎదురైతే నీళ్లు నములుతారు. పాఠం వాళ్ల చేతికి ఎప్పుడూ రాలేదు మరి.

గైడు చదవొద్దని నేను అనను. ఆఖరున చదవండి. ముందు కవితను పైకి, వినబడేటట్టు చదవండి. అర్థం కాని మాటలు వస్తే ఆగకండి. రెండోసారి పెన్సిల్‌తో చదివి, ఆ మాటల కింద గీత పెట్టి, నిఘంటువు చూడండి. మూడోసారి చదివాక పుస్తకం మూసి, ఇందులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎక్కడ స్వరం మారింది అని నాలుగు వాక్యాలు రాయండి. తెలుగులో రాసినా సరే, మొదటి ఏడాది తెలుగులోనే రాయండి. ఆలోచన స్పష్టంగా ఉన్న భాషలో మొదలుపెడితే తర్వాత దాన్ని ఇంగ్లిష్‌లోకి తేవచ్చు. ఆలోచనే లేకుండా ఇంగ్లిష్‌లో రాసిన పేజీని ఎవరూ బాగుచేయలేరు. ఈ నాలుగు వాక్యాలు అయ్యాకే గైడు తెరవండి. అప్పుడు దానితో పోట్లాడటానికి మీ దగ్గర ఒక మాట ఉంటుంది.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళదాం. షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' మొదటి సీను. ముసలిరాజు పటం పరిచి రాజ్యాన్ని ముగ్గురు కూతుళ్లకు పంచుతూ, నన్నెంత ప్రేమిస్తున్నారో చెప్పమంటాడు. పెద్దదీ రెండోదీ ఆకాశానికెత్తుతారు. చిన్నది కార్డీలియా చెప్పడానికేమీ లేదంటుంది. కూతురిగా ఎంత రుణమో అంతే ప్రేమ అంటుంది. ప్రేమంతా తండ్రికే అయితే అక్కలకు మొగుళ్లెందుకు, నాకు పెళ్లయితే నా ప్రేమలో సగం నా భర్తతో వెళుతుంది అని నిలదీస్తుంది. తండ్రి ఆమెను గెంటేస్తాడు.

ఇప్పుడు 1949లో వచ్చిన 'గుణసుందరి కథ' చూడండి. కె.వి.రెడ్డి సినిమా, పింగళి రాత. ఉగ్రసేన మహారాజు ముగ్గురు కూతుళ్లను అదే ప్రశ్న అడుగుతాడు. ఇద్దరు పొగుడుతారు. చిన్నది గుణసుందరి, ఆడదానికి భర్తే దైవం అంటుంది. తండ్రి మండిపడి ఆమెను దైవాధీనం అనే కురూపికి కట్టబెడతాడు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టిన పిల్లలు మొదట "మనవాళ్లు కాపీ కొట్టారు" అంటారు. అక్కడ ఆగితే చదువు ఆగినట్టే. పెన్ను తీసి ఒక్కొక్క ప్రశ్నే రాయండి. ఇద్దరు చిన్న కూతుళ్లూ భర్త పేరే ఎత్తారు. ఒకరు సగం అన్నారు, ఒకరు అంతా అన్నారు. కార్డీలియా లెక్క కట్టి చెబుతోంది, తండ్రికి ఒక వాటా, భర్తకు ఒక వాటా. గుణసుందరి లెక్కే ఒప్పుకోవడం లేదు. ఇద్దరు తండ్రులకూ కోపం ఎందుకు వచ్చింది? ఒకే కారణమా? కార్డీలియా మాటలో ఉన్న తెగువ గుణసుందరి మాటలో ఉందా, లేక 1949 నాటి ప్రేక్షకుడు మెచ్చుకునే పతివ్రత మాటగా పింగళి దాన్ని మార్చేశారా? నా మటుకు నాకు, మార్చారనే అనిపిస్తుంది. ఆ మార్పు వల్లే మన సినిమా సాఫీగా నడిచి, లియర్‌లో ఉన్న ముల్లు పోయింది. మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకోకపోతే సీను చూపించి చెప్పండి, అంతే.

తర్వాత ముగింపు. నాటకంలో కార్డీలియాను జైల్లో ఉరి తీస్తారు, కూతురి శవాన్ని ఎత్తుకొచ్చి లియర్ చచ్చిపోతాడు. సినిమాలో అందరూ సుఖంగా ఉంటారు. "తెలుగువాళ్లకు విషాదం పడదు" అని తీర్పు చెప్పేయడం తేలిక. లైబ్రరీలో ఇంకో గంట కూర్చుంటే ఆ తీర్పు నిలబడదని తెలుస్తుంది. 1681లో నేహమ్ టేట్ అనే ఇంగ్లిష్ రచయిత లియర్‌ను తిరగరాశాడు. అందులో కార్డీలియా చావదు, పెళ్లి చేసుకుంటుంది, లియర్‌కు సింహాసనం తిరిగొస్తుంది. ఇంగ్లండ్ రంగస్థలం మీద సుమారు నూట యాభై ఏళ్లు ఆడింది ఈ సుఖాంతమే. 1838లో మెక్రీడీ అనే నటుడు షేక్‌స్పియర్ ముగింపును తిరిగి నిలబెట్టాడు. అంతటి శామ్యూల్ జాన్సన్, కార్డీలియా చావు తట్టుకోలేక, తాను సంపాదకత్వం చేయాల్సి వచ్చేదాకా ఆ చివరి సీన్లు మళ్లీ చదవలేదని రాసుకున్నాడు. అంటే ఆ చావును భరించలేకపోవడం ఒక జాతి లక్షణం కాదు. మరి షేక్‌స్పియర్ దాన్ని ఎందుకు రాశాడు? ఈ ప్రశ్న దగ్గరికి మీ అంతట మీరు చేరితే మూడేళ్ల డిగ్రీలో సగం అందినట్టే. ఇందుకు అయ్యే ఖర్చు ఒక పాత పుస్తకం, ఒక పాత సినిమా, లైబ్రరీలో ఒక పూట.

అదే సీను, మీ గల్లీలో

సృజన రచన అనే పేపరు చాలా చోట్ల ఉంది. ఇంగ్లండ్‌లో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ 1970లో ఎం.ఏ.గా పెట్టింది. కజువో ఇషిగురో అక్కడి విద్యార్థే. అమెరికాలో అయోవా వర్క్‌షాప్ 1936 నాటిది. మన దగ్గర ఇగ్నో ఇంగ్లిష్‌లో డిప్లొమా ఇస్తోంది. కోర్సు మీకు గడువూ దిద్దేవాళ్లనూ ఇస్తుంది, అంతవరకే. రాయాల్సిన సరుకు మీ దగ్గర ఉండాలి.

లియర్ సీనునే తీసుకోండి. శాలిబండ గడియార స్తంభం వెనక గల్లీలో రెండంతస్తుల ఇల్లు. కింద రెండు ముల్గీలు అద్దెకు ఇచ్చారు, పైన కుటుంబం. తండ్రికి డెబ్బై ఏళ్లు, ముగ్గురు సంతానం, వాటాల కాగితం రాసే రోజు. ఒక పేజీ సంభాషణ రాయండి. 'ప్రేమ' అన్న మాట ఎవరి నోటా రాకూడదు. తెలుగులో రాయండి, మరుసటి రోజు ఇంగ్లిష్‌లో రాయండి. రెండోది రాసేటప్పుడు మీకు ఒక చిక్కు వస్తుంది: తండ్రీ, గల్ఫ్ నుంచి వచ్చిన కొడుకూ, బ్యాంకులో పనిచేసే కూతురూ ఇంగ్లిష్‌లో ఒకేలా మాట్లాడుతుంటారు. తెలుగులో ఎవరి గొంతు వాళ్లకుంది, ఇంగ్లిష్‌లో పోయింది. ఆ గొంతులు తిరిగి తెచ్చుకోవడానికి ఎన్నిసార్లు కొట్టేసి రాయాల్సి వస్తే అన్నిసార్లూ రాయండి. కథకుడి పనంతా అదే.

సరోజినీ నాయుడు విషయం ఇక్కడ పనికొస్తుంది. 1879లో హైదరాబాద్‌లో పుట్టి, పన్నెండో ఏట మద్రాసు మెట్రిక్యులేషన్ పాసై, 1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ వెళ్లింది. లండన్ కింగ్స్ కాలేజీలో, కేంబ్రిడ్జి గర్టన్‌లో చదివింది. అక్కడ ఆమె ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడికి తన కవితలు చూపిస్తే, వాటినిండా ఇంగ్లిష్ పిట్టలూ ఇంగ్లిష్ తోటలూ ఉన్నాయి. అవి పారేసి మీ దేశం గురించి రాయమని ఆయన చెప్పాడు. 1912 నాటి ఆమె పుస్తకానికి ముందుమాటలో ఆయనే ఈ సంగతి రాశాడు. ఆ తర్వాతే ఆమె హైదరాబాద్ బజార్ల మీద కవితలు రాసింది.

సలహా మంచిదే. అయితే గాస్ కోరుకున్న దేశం సుగంధాల దేశం, దూరం నుంచి చూసిన దేశం. ఆమె బజారులో గాజులూ పూలూ చందనమూ మెరుస్తాయి. అమ్మేవాళ్లు సాయంత్రం ఏ ఇంటికి వెళతారో మనకు కనబడదు. ఆమె ఆ బజారు అవతల పెద్దింటి బిడ్డ. మీరు బజారు లోపలివాళ్లు. లాడ్ బజార్‌లో మెరిసే లక్క గాజు వెనక బొగ్గుల కుంపటి ముందు లక్కను వేడి చేసి సాగదీసే చేతులున్నాయి, ఒక్కొక్క అద్దపు ముక్కా చేత్తో అతికే వేళ్లున్నాయి. ఆ ఇళ్లు మీకు తెలుసు. సరోజిని రాయలేనిది మీరు రాయగలరు, రాయాలి కూడా.

హైదరాబాద్ మీద ఇంగ్లిష్‌లో రాసినవాళ్లను వరసగా చదవండి. మీనా అలెగ్జాండర్ 1970ల చివర్లో ఇక్కడి యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పి, తర్వాత 1991లో 'నాంపల్లి రోడ్' నవల తెచ్చారు. బయటి నుంచి వచ్చిన మనిషి ఈ ఊరి అలజడిని ఎలా పట్టుకుందో చూడండి. శాలిబండ లోపలి నుంచి రావాల్సిన ఇంగ్లిష్ నవల కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

రెండు దారుల అనువాదం

రచనకు నాకు తెలిసిన గట్టి సాధన అనువాదం. తెలుగు కథ నుంచి అర పేజీ తీసుకోండి. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' అయితే మీ ఇళ్ల వాసన తెలుస్తుంది. దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి దాచేయండి. వారం తర్వాత మూలం చూడకుండా మీ ఇంగ్లిష్‌నే తిరిగి తెలుగు చేయండి. అప్పుడు మూలం పక్కన పెట్టి చూడండి. ఏ వాక్యం ఎక్కడ చిక్కిపోయిందో కళ్లకు కనిపిస్తుంది. ఎలిజబెత్ రాణికి పాఠాలు చెప్పిన రోజర్ ఆస్కమ్, లాటిన్ నేర్పడానికి ఈ పద్ధతినే పెట్టాడు. 1570లో అచ్చయిన ఆయన పుస్తకంలో అది వివరంగా ఉంది.

ఈ ఊరికి అనువాదం పాత అలవాటు. 1918లో ఉస్మానియా ఉర్దూ మాధ్యమంలో మొదలైనప్పుడు, పాఠ్యపుస్తకాల కోసం అంతకు ఏడాది ముందే అనువాద సంస్థ పెట్టారు. మఖ్దూం బెర్నార్డ్ షా నాటకాన్ని ఉర్దూలోకి మలిచాడు. సూసీ తారూ, కె.లలిత కలిసి 1991, 1993ల్లో తెచ్చిన భారతీయ స్త్రీల రచనల రెండు సంపుటాలు ప్రపంచమంతా పాఠ్యపుస్తకాలయ్యాయి. తారూ పాఠాలు చెప్పింది తార్నాకలోనే. సెంట్రల్ యూనివర్సిటీ ఇంగ్లిష్ శాఖలో పనిచేసిన ఆళ్లాడి ఉమ, ఎం.శ్రీధర్ తెలుగు కథనూ కవిత్వాన్నీ ఏళ్ల తరబడి ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లారు. గోగు శ్యామల కథలు 2012లో ఇంగ్లిష్ పుస్తకంగా వచ్చాక తాండూరు వైపు మాదిగవాడ ఎక్కడెక్కడి పాఠకులకో చేరింది. ఇంగ్లిష్ సాహిత్యం చదివినవాళ్లు తెలుగుకు చేయగల మేలు ఇది. మూడు భాషలున్న పాతబస్తీ పిల్లలకు ఇందులో ఉన్న అనుకూలం ఇంకెవరికీ లేదు. దక్కనీలో మీ పక్కింటి ఖాలా చెప్పే కథలు ఇంతవరకు ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

మీడియా

ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నాటిది. సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు పేరు మీద ఉన్న స్కూల్లో కమ్యూనికేషన్ నేర్పుతారు, అక్కడి నుంచే బోల్ హైదరాబాద్ కమ్యూనిటీ రేడియో 90.4 మీద వినిపిస్తుంది. కెమెరా, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కోర్సులో ఎలాగూ నేర్పుతారు. వాటికోసం ఇప్పట్నుంచే కంగారు అక్కర్లేదు. ఇప్పుడు నేర్వాల్సింది తిరగడం, అడగడం, రాసుకోవడం.

సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒకరు రాస్తే, వ్యాసంతో జవాబు చెప్పి ఊరుకోలేదు. 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేశారు. వాదన గెలవడానికి ఆయన వాడిన సాధనం సేకరణ. విలేకరికి ఇంతకు మించిన పాఠం నాకు కనబడదు.

దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా మెట్రో కోసం ఆస్తులు సేకరించి రోడ్డు వెడల్పు చేసే పని సాగుతున్న రోజులివి. ఏ దుకాణం ఎన్నాళ్లుగా ఉంది, ఎవరు అద్దెకున్నారు, పరిహారం యజమానికి అందితే కిరాయిదారు ఎక్కడికి పోయాడు? ఫోనుతో బోర్డుల ఫొటోలు తీయండి, పేరూ తేదీ రాసుకోండి, పెద్దవాళ్ల మాటలు వాళ్ల అనుమతితో రికార్డు చేయండి. లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు తర్వాత కుంపటి ముందు కూర్చున్న మనిషి కూలి మారిందా? వెళ్లి అడగండి. ఎంట్రన్స్ ఇంటర్వ్యూలో "ఎందుకు జర్నలిజం?" అంటే చూపించడానికి ఈ నోట్‌బుక్ ఉంటుంది.

కొలువు

ఇంట్లో అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. డిగ్రీ తర్వాత బీఈడీ చేస్తే డీఎస్సీలో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్, గురుకులాల పోస్టులు. పీజీ చేస్తే జూనియర్ లెక్చరర్. నెట్ గానీ సెట్ గానీ ఉంటే డిగ్రీ కాలేజీ. నెట్‌లో రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకు మార్కు కోత లేదు. పైస్థాయిలో నిలిస్తే పరిశోధనకు జేఆర్‌ఎఫ్ నెలనెలా వస్తుంది. ప్రచురణ రంగంలో ఓరియంట్ బ్లాక్‌స్వాన్ కేంద్ర కార్యాలయం హిమాయత్‌నగర్‌లోనే ఉందని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. పాఠ్యపుస్తకాలకు సంపాదకులు కావాలి, సినిమాలకూ సిరీస్‌లకూ సబ్‌టైటిల్స్ రాసేవాళ్లు కావాలి, కంపెనీలకు శిక్షణ పాఠాలు రాసేవాళ్లు కావాలి. ఇంజనీరింగ్ అంత త్వరగా జీతం రాదు. ఈ మాట ఇంట్లో ముందే చెప్పి, ఎన్నేళ్ల వెసులుబాటు కావాలో కలిసి లెక్క వేసుకోండి. ఇల్లు గడవడమే కష్టంగా ఉంటే దూరవిద్యకు సిగ్గుపడొద్దు, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 నుంచి పనిచేసుకునేవాళ్లకు చదువు చెబుతోంది.

రాతనే జీతంగా లెక్క వేసుకోకండి. కె.శివారెడ్డి జాంబాగ్ వివేకవర్ధని కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు చెబుతూ తెలుగు కవిత్వం రాశారు, 1990లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. శ్రీనివాస్ రాయప్రోలు స్టాన్‌ఫర్డ్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ ఇంజనీరుగా ఉద్యోగం చేస్తూ ఇంగ్లిష్ కవిత్వం రాశారు. అమెరికా మహాకవి విలియం కార్లోస్ విలియమ్స్‌తో ఉత్తరాలు నడిపారు, సికింద్రాబాద్ నుంచి 'ఈస్ట్ అండ్ వెస్ట్' పత్రిక తెచ్చారు. తండ్రి రాయప్రోలు సుబ్బారావు తెలుగు భావకవిత్వానికి ఆద్యుడు. కొడుకు ఇంకో భాష ఎంచుకున్నాడు. ఇద్దరివీ ఉద్యోగాలున్న బతుకులే.

చోటు

పాతబస్తీ ఇళ్లలో అసలు కష్టం చోటు. రెండు గదుల్లో ఆరుగురు, టీవీ, చుట్టాలు. ఆడపిల్లయితే చదువుతుండగానే నాలుగు పనులు చెబుతారు. శాలిబండ నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా పుట్టి, 1936లో ఈ పెద్ద భవనంలోకి వచ్చింది. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లతో నిండిపోతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. సుల్తాన్ బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెలుగు పుస్తకాలకు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లిష్ నవలలు దొరుకుతాయి. కాపీరైటు తీరిన పుస్తకాలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితం, సిలబస్‌లో పంతొమ్మిదో శతాబ్దం దాకా దాదాపు అంతా అక్కడుంది.

ఒంటరిగా మాత్రం చదవకండి. క్లాసులో నలుగురిని చూసుకోండి, ఒక భాషవాళ్లే కాకుండా చూడండి. పదిహేను రోజులకోసారి లైబ్రరీ మెట్ల మీదో ఎవరి మేడ మీదో కలవండి. రాసినవాళ్లు తమ పేజీ పైకి చదవాలి, వివరణ ఇవ్వకూడదు. విన్నవాళ్లు "బాగుంది" అనకూడదు. ఏ వాక్యం దగ్గర తమ మనసు పక్కకు పోయిందో చెప్పాలి. రాసినవాళ్లు ఆ వాక్యం కింద గీత పెట్టుకుని ఇంటికెళ్లి చూసుకోవాలి. మొదటిసారి కలిసినప్పుడు చదవడానికి ఆ వాటాల కాగితం సీను సరిపోతుంది. తెలుగుదీ ఇంగ్లిష్‌దీ రెండూ తీసుకెళ్లండి, తెలుగుది ముందు చదవండి.